సంగటి పక్కన వైన్ గ్లాసు: సీమ వంటలకు తగిన వైన్‌ను ఎంచుకోవడం ఎలా

కొన్నేళ్ళ కిందట ఒక మే నెల ఆదివారం నాడు అనంతపురంలోని మా ఇంటికి బంధువులను భోజనానికి పిలిచాను. రాగి సంగటి, నాటుకోడి పులుసు, చెనక్కాయల పచ్చడి సిద్ధమయ్యాయి. వాటి పక్కన, పెద్ద హోటళ్ళలో చూసిన మోజుకొద్దీ, నా స్తోమతకు కొంచెం భారమైన ధరకే కొన్న కాబర్నే సావిన్యాన్ అనే ఎర్ర వైన్ సీసాను కూడా పెట్టాను. ఎర్ర వైన్‌ను చల్లబరచకూడదని ఎక్కడో చదివిన జ్ఞాపకంతో దానిని వారం రోజులుగా వంటింటి అలమారలోనే ఉంచాను. మా బావ సంగటి ముద్దను పులుసులో అద్దుకొని మింగి, ఒక గుక్క వైన్ తాగి, గ్లాసును మెల్లగా పక్కకు జరిపి, “ఏం బామ్మర్దీ, కోడికూర పెట్టి కషాయం తాపిస్తాండావా?” అన్నాడు.

ఆయన అన్నదాంట్లో తప్పేమీ లేదు. గొంతు మండుతోంది, నాలుక బిగుసుకుపోతోంది, వైన్‌లో ఉండవలసిన పండు వాసన జాడ కూడా లేదు. పులుసు బాగుంది, వైన్ కూడా మంచిదే. రెండూ కలిసినచోట చెడింది. వైన్‌కు తోడుగా ఏమి తినాలో చెప్పే పుస్తకాలు ఎక్కువగా ఫ్రాన్సు, ఇటలీ భోజనాలను మనసులో పెట్టుకొని రాసినవి. వాటిలో కారానికి పెద్దగా చోటు ఉండదు. మన కంచంలో అన్నిటికంటే ముందు నాలుకకు తగిలేది అదే. అందువల్ల ఆ సూత్రాలను యథాతథంగా ఇక్కడికి తెచ్చుకుంటే నాకు జరిగిన మర్యాదే మీకూ జరుగుతుంది. అయితే మనకు ఒక అనుకూలత కూడా ఉంది. ఉగాది పచ్చడి తిని పెరిగిన నాలుకకు ఆరు రుచులూ పేర్లతో సహా తెలుసు, వైన్‌ను అర్థం చేసుకోవడానికి కావలసిన మాటల్లో చాలా భాగం ఆ ఆరింటిలోనే దొరుకుతాయి.

మొదలుపెట్టే ముందు ఒక మాట. ఆంధ్రప్రదేశ్‌లో 21 ఏళ్ళు నిండనివారికి మద్యం అమ్మకూడదు, కొనకూడదు. ఆరోగ్యానికి పూర్తిగా సురక్షితమైన మద్యం మోతాదు అంటూ ఏదీ లేదని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2023 జనవరిలో స్పష్టంగా ప్రకటించింది కనుక, తాగే అలవాటు లేనివారు ఈ వ్యాసం చదివి అలవాటు చేసుకోవలసిన పని లేదు. మందులు వాడుతున్నవారు వైద్యుణ్ణి అడగకుండా ముట్టుకోవద్దు. గర్భిణులు అసలే వద్దు. ఇక్కడ రాసినదంతా ఇప్పటికే అప్పుడప్పుడు తాగేవారు, తాగే ఆ ఒక్క గ్లాసును భోజనంతో కుదురుగా కలుపుకోవడం కోసమే.

మొదటి పని: నాలుకకు పాఠాలు

వైన్‌లో మీరు గమనించవలసినవి ఐదు: వగరు, పులుపు, తీపి, మద్యపు ఘాటు, చిక్కదనం. వీటిలో వగరు దగ్గర కాస్త నిలబడదాం, ఎందుకంటే కొత్తవారు చేసే తప్పుల్లో సగం అక్కడే మొదలవుతాయి.

లేత జామకాయ కొరికినప్పుడు, వక్క నమిలినప్పుడు, బాగా మరిగిన టీ డికాక్షన్ పాలు లేకుండా తాగినప్పుడు నోరు పిడచగట్టుకుపోయినట్టు అనిపిస్తుంది కదా, ఎర్ర వైన్‌లో ఉండేది కూడా అదే గుణం. దానికి కారణమైన పదార్థాన్ని టానిన్ అంటారు. అది ద్రాక్ష తొక్కలలో, గింజలలో ఉంటుంది, వైన్‌ను ఓక్ చెక్క పీపాలలో నిల్వ చేసినప్పుడు కొంత ఆ చెక్క నుంచి కూడా వస్తుంది. తెల్ల వైన్‌కు ద్రాక్షను పిండి, రసాన్ని తొక్కల నుంచి వేరుచేసి పులియబెడతారు; ఎర్ర వైన్‌కు తొక్కలతో సహా పులియబెడతారు. ఎర్ర వైన్‌కు రంగు, వగరు రెండూ అందుకే వస్తాయి. టానిన్ మన లాలాజలంలోని ప్రొటీన్లను పట్టుకొంటుంది, దానితో నోటిలో సహజంగా ఉండే జారుడుతనం పోయి నాలుక గరుకుగా తగులుతుంది. అంటే వగరు నిజానికి రుచి కంటే స్పర్శకు దగ్గరిది.

మిగిలినవి తేలికే. గుక్క మింగిన తర్వాత నాలుక పక్కల నీళ్ళు ఊరితే అది పులుపు. తీపి మీకు తెలిసినదే, కాకపోతే పండు వాసన వచ్చినంత మాత్రాన వైన్ తీపి అనుకోవద్దు. ముక్కు మూసుకొని ఒక గుక్క తాగితే అసలు తీపి ఎంతో తేలిపోతుంది. మద్యపు ఘాటు గొంతులో వెచ్చగా తెలుస్తుంది. చిక్కదనానికి మజ్జిగే కొలత: పలుచటి మజ్జిగలా నోట్లోంచి జారిపోయే వైన్లు కొన్ని, గిలకొట్టిన చిక్కటి మజ్జిగలా నాలుక మీద నిలిచేవి మరికొన్ని.

ఇప్పుడు ఒక చిన్న పరీక్ష చేయండి. ఇద్దరు ముగ్గురు మిత్రులు కలిస్తే రెండు సీసాల ఖర్చు పంచుకోవచ్చు: ఒకటి కొద్దిగా తీపి ఉన్న తెల్ల వైన్, ఒకటి తీపి లేని ఎర్ర వైన్. ఒక పళ్ళెంలో ఉప్పు వేసి వేయించిన చెనక్కాయలు గుప్పెడు, ఒక నిమ్మబద్ద, దోశ మీద పూసే ఎర్రకారం చిటికెడు, ఒక బెల్లం ముక్క పెట్టుకోండి. ముందు ఏమీ తినకుండా రెండు వైన్లనూ ఒక్కొక్క గుక్క రుచి చూసి గుర్తుపెట్టుకోండి. ఆ తర్వాత ఒక్కొక్క పదార్థం తిని, రెండు వైన్లనూ మళ్ళీ తాగి చూడండి. మధ్యలో నీళ్ళతో నోరు పుక్కిలించడం మరువవద్దు.

చెనక్కాయలు తిన్నాక ఎర్ర వైన్ ఆశ్చర్యంగా మెత్తబడుతుంది, ఉప్పు, నూనె, ప్రొటీను మూడూ కలిసి వగరును అణచివేస్తాయి. నిమ్మబద్ద నాకిన తర్వాత అంతకుముందు పుల్లగా అనిపించిన తెల్ల వైన్ చప్పబడి, తీపి ఎక్కువైనట్టు తోస్తుంది. బెల్లం తిన్న వెంటనే తాగిన ఎర్ర వైన్ పుల్లగా, చేదుగా మారుతుంది. ఎర్రకారం తర్వాత సంగతి మరీ తేటగా తెలుస్తుంది: ఎర్ర వైన్ గుక్క నోట్లో పడగానే మంట రెట్టింపవుతుంది, చల్లటి తీపి తెల్ల వైన్ గుక్క పడితే కొంత తగ్గుతుంది. ఆహారం వైన్‌ను మార్చినంతగా వైన్ ఆహారాన్ని మార్చదని ఈ పళ్ళెం ఒక్క అరగంటలో నేర్పుతుంది. నేను ఈ పరీక్షను ఆ ఆదివారానికి ముందే చేసి ఉంటే బాగుండేది.

రెండవ పని: మాంసాన్ని కాదు, పులుసును చూడండి

చేపకు తెల్ల వైన్, మాంసానికి ఎర్ర వైన్ అనే మాట మీరు వినే ఉంటారు. ఉప్పు, మిరియాలు చల్లి కాల్చిన మాంసం తినే చోట అది పనికివచ్చే సూత్రమే. మన దగ్గర కోడి అయినా, చేప అయినా, వంకాయ అయినా చివరకు నోటికి తెలిసేది అందులోని కారం, చింతపండు పులుపు, నూనె, అల్లం వెల్లుల్లి. కనుక కంచంలోకి ఏమి వస్తోందో తెలిసిన వెంటనే, అది ఏ జంతువుదని కాకుండా, అందులో ఏ రుచి పైకి తేలుతోందని ప్రశ్నించుకోండి.

కారం పైకి తేలితే మద్యం శాతం తక్కువగా, వగరు తక్కువగా, తీపి కొద్దిగా ఉన్న వైన్ కావాలి. దీని వెనుక ఉన్న కారణం తెలుసుకోదగినది. నోటిలో వేడిని పసిగట్టే నరాలే మిరపలోని కాప్సైసిన్‌ను కూడా పసిగడతాయి; మిరపకాయ కొరికితే కాలినట్టు అనిపించేది అందుకే. ఆ నరాలు మామూలుగా సుమారు 42 డిగ్రీల వేడి దగ్గర మేలుకొంటాయి. ఆల్కహాల్ తగిలినప్పుడు ఆ హద్దు సుమారు 34 డిగ్రీలకు దిగివస్తుంది. మన ఒంటి వేడి 37 డిగ్రీలు కనుక, మద్యం శాతం ఎక్కువైన కొద్దీ నోరు తన వేడికి తానే మండుతుంది. దాని మీద మిరప కూడా చేరితే ఇక చెప్పనక్కరలేదు. కారాన్ని మద్యంతో కడిగేయవచ్చునని కొందరు అనుకుంటారు. 13 శాతం మద్యం ఉన్న గుక్క కారాన్ని కడగదు, ఎగదోస్తుంది.

పులుపు పైకి తేలితే వైన్ ఆ పులుపుకు సరిసమానంగానో, ఒక వాసి ఎక్కువగానో పుల్లగా ఉండాలి, లేకపోతే నిమ్మబద్ద పరీక్షలో చూసినట్టు చప్పబడుతుంది. ఇక్కడ మన వంటకు ఒక చక్కని చుట్టరికం ఉంది. చింతపండులో ప్రధానంగా ఉండేది టార్టారిక్ ఆమ్లం. ద్రాక్షలోనూ ముఖ్యమైన ఆమ్లం అదే. చింతపండు పులుసుకు పుల్లని తెల్ల వైన్ అంత సహజంగా అతుక్కోవడానికి అది ఒక కారణమని నా నమ్మకం.

నూనె, కొవ్వు పైకి తేలినప్పుడు పులుపు గానీ వగరు గానీ ఉన్న వైన్ నోటిని శుభ్రం చేస్తుంది. తీపి వంటకానికి దానికంటే తియ్యనైన వైన్ కావాలి. చేదు పక్కన వగరు పెట్టకూడదు, ఒకదాన్నొకటి రెచ్చగొట్టుకుంటాయి. కాకరకాయ వేపుడు చేసిన రోజు ఎర్ర వైన్ జోలికి పోవద్దు.

వంట మీ చేతిలోనే ఉంటే ఇంకొక ఉపాయం ఉంది. వైన్ పెట్టదలచిన రోజు కారప్పొడిలో సగం మామూలు ఘాటు మిరపకు బదులు బ్యాడిగి మిరప వాడండి. కర్ణాటక నుంచి వచ్చే ఈ ముడతల మిరప రంగు బాగా ఇస్తుంది, మంట తక్కువగా ఉంటుంది. పులుసు చూడటానికి ఎప్పటిలాగే ఎర్రగా ఉంటుంది, వైన్‌కు కాస్త ఊపిరాడుతుంది. మా ఇంట్లో పెద్దలు ఈ మార్పును గుర్తుపట్టారు గానీ పెద్దగా అభ్యంతరం చెప్పలేదు.

మూడవ పని: దుకాణంలో అడగవలసినది

మన ఊళ్ళలో మద్యం దుకాణం బోర్డు మీద ‘వైన్స్’ అని ఉంటుంది, లోపల మాత్రం వైన్ తప్ప అన్నీ ఉంటాయి. బ్రాందీ, విస్కీ, బీరు వరుసల వెనుక, ఒక మూలన దుమ్ము పట్టిన నాలుగైదు సీసాలు కనిపిస్తే అదృష్టం. అందువల్ల మంచి నిల్వ ఉండే దుకాణాన్ని ముందే వెతికి పెట్టుకోవాలి. కిటికీ పక్కన ఎండ తగిలే అరలో ఉన్న సీసాను ఎంత తక్కువ ధరకు ఇచ్చినా కొనవద్దు. బెంగళూరు నుంచి సీసాలు తెచ్చుకోవడం తేలికగా కనిపిస్తుంది గానీ, రాష్ట్రం దాటించడానికి ఎక్సైజు నిబంధనలు ఉన్నాయి. వాటిని కనుక్కోకుండా సంచిలో పెట్టుకొని బస్సెక్కవద్దు.

దేశంలో తయారైన వైన్లతో మొదలుపెట్టడమే మేలు. మహారాష్ట్రలోని నాసిక్, కర్ణాటకలోని నంది కొండల ప్రాంతం ఇందుకు పేరుపడ్డాయి. నంది కొండల దగ్గర గ్రోవర్ వారు 1988లో తోటల పని మొదలుపెట్టారు. నాసిక్‌లో సులా వారి మొదటి వైన్లు 2000లో వచ్చాయి. హిందూపురం వైపు ఉన్నవారికి నంది కొండలు పొరుగూరితో సమానం. మన దేశంలో వైన్ ద్రాక్షను ఎక్కువగా జనవరి నుంచి మార్చి మధ్య కోస్తారు. తెల్ల వైన్ కొనేటప్పుడు చీటీ మీద ఉన్న సంవత్సరం చూసి, ఒకటి రెండేళ్ళకు మించనిదే తీసుకోండి. వైన్ పాతబడితే బాగుంటుందన్న మాట కొన్ని ఖరీదైన సీసాలకే చెల్లుతుంది, అవి కూడా చల్లటి నేలమాళిగలలో పెట్టినప్పుడే.

చీటీ మీద చూడవలసిన రెండవది మద్యం శాతం. మన విస్కీ, బ్రాందీలలో 42.8 శాతం ఉంటే, వైన్లలో సాధారణంగా 11 నుంచి 14 వరకు ఉంటుంది. కారపు వంటకు 12 లేదా అంతకంటే తక్కువ ఉన్నదాన్ని ఎంచుకోండి. మూడవది తీపి. ‘డ్రై’ అంటే తీపి దాదాపు లేదని అర్థం. ‘ఆఫ్ డ్రై’ లేదా ‘సెమీ స్వీట్’ అంటే కొంచెం తీపి మిగిలి ఉందని అర్థం. బుడగల వైన్లలో ‘బ్రూట్’ అని ఉంటే లీటరుకు 12 గ్రాములకు మించని చక్కెర, ‘డెమీ సెక్’ అని ఉంటే 32 నుంచి 50 గ్రాములు.

ద్రాక్ష రకాల పేర్లు పలకడానికి వెనుకాడవద్దు, వాటిని సరిగ్గా పలికేవారు దుకాణంలో కూడా అరుదే. షెనిన్ బ్లాంక్, సావిన్యాన్ బ్లాంక్, రీస్లింగ్ మూడూ తెల్లవి. షెనిన్ బ్లాంక్ మన వంటకు అన్నిటికంటే దగ్గరి చుట్టం. మన దేశంలో చేసే ఈ రకం వైన్లలో కొన్నిటిలో కొద్దిపాటి తీపిని మిగిల్చి ఉంచుతారు. సావిన్యాన్ బ్లాంక్ తీపి లేకుండా పుల్లగా, పచ్చి ఆకు వాసనతో, చీనీకాయ తొక్క గిల్లినప్పుడు వచ్చే పరిమళంతో ఉంటుంది. రీస్లింగ్ దొరికితే వదలవద్దు. జర్మనీలో చేసే తేలికపాటి రకాలలో మద్యం 8, 9 శాతం మాత్రమే ఉంటుంది. రోజే అంటే తొక్కలతో కొన్ని గంటలే ఉంచి తీసిన గులాబి రంగు వైన్, ఎరుపుకూ తెలుపుకూ మధ్య మంచి రాజీ. షిరాజ్, కాబర్నే సావిన్యాన్ ఎర్రవి, బలమైనవి. మెర్లో వాటికంటే కొంచెం మెత్తన. తొలి సీసాకు ఏది కొనాలని మీరు నన్ను అడిగితే, రెండో మాట లేకుండా కొద్దిగా తీపి ఉన్న షెనిన్ బ్లాంక్ అంటాను.

నాలుగవ పని: మన ఎండకు తగ్గట్టు చల్లబరచడం

ఎర్ర వైన్‌ను గది వేడిమి దగ్గర తాగాలనే మాటే ఆ ఆదివారం నన్ను ముంచింది. ఆ మాట పుట్టింది యూరప్‌లోని రాతి ఇళ్ళలో. అక్కడి గది అంటే 16, 18 డిగ్రీలు. కర్నూలులో మే నెలలో పగటి ఎండ 40 డిగ్రీలు దాటడం మామూలే, రాత్రి పదింటికి కూడా గోడలు వేడిని కక్కుతూనే ఉంటాయి. అంత వెచ్చటి వైన్‌లో మద్యం ఆవిరి ముక్కుకు గుప్పున కొడుతుంది, పండు వాసన అడుగున పడిపోతుంది.

కాబట్టి ఎర్ర వైన్‌ను కూడా వడ్డించే ముందు 40 నిమిషాలు ఫ్రిజ్‌లో పెట్టండి, వేసవి అయితే గంట. తెల్ల వైన్‌కు, రోజేకు రెండు మూడు గంటలు కావాలి. 8 నుంచి 12 డిగ్రీల మధ్య అవి బాగుంటాయి. బుడగల వైన్ ఇంకా చల్లగా ఉండాలి. సమయం లేకపోతే బిందెలోనో వెడల్పాటి గిన్నెలోనో ఐసు ముక్కలు, నీళ్ళు, గుప్పెడు రాళ్ళ ఉప్పు వేసి సీసాను మెడ దాకా ముంచండి. 15, 20 నిమిషాలలో చల్లబడుతుంది. ఐసు ఒక్కటే వేస్తే సీసాకు అంటేది తక్కువ కనుక నీళ్ళు తప్పనిసరి. బుడగల సీసాను డీప్ ఫ్రీజర్‌లో పెట్టి మరిచిపోతే పగిలే ప్రమాదం ఉంది. గ్లాసులోకి ఐసు ముక్కలు వేయడం తప్పేమీ కాదని కొందరు అంటారు. వైన్ పలుచబడుతుంది కనుక నాకు ఇష్టం లేదు, కానీ వెచ్చటి వైన్ తాగడం కంటే అదే నయం.

స్టీలు గ్లాసులో వైన్ వాసన సరిగ్గా తెలియదు. కాడ ఉన్న గ్లాసు లేకపోయినా, పైన కాస్త మూతి తగ్గిన పలుచటి గాజు గ్లాసు ఉంటే చాలు. మూడో వంతు వరకే పోయండి, మిగిలిన ఖాళీ వాసన కోసం. కుడిచేయి సంగటిలో ఉంటుంది కనుక గ్లాసును ఎడమచేత్తో పట్టుకోవలసి వస్తుంది, నీళ్ళు తాగేటప్పుడు మనం చేసేదీ అదే. 750 మిల్లీలీటర్ల సీసా నుంచి ఐదు గ్లాసులు వస్తాయి. ఐదుగురు కూర్చుంటే ఒక్క సీసా చాలు. దానితో సమానంగా మంచినీళ్ళు పెట్టండి. తాగినవారు బండి తాళం ముట్టుకోకూడదు. 100 మిల్లీలీటర్ల రక్తంలో 30 మిల్లీగ్రాములు దాటితే చట్టం నేరంగా చూస్తుంది.

ఐదవ పని: కంచం వరసన జతలు

సాయంత్రపు చిరుతిండితో మొదలుపెట్టండి. ఉడకబెట్టిన చెనక్కాయలు, అలసంద వడలు, ఉగ్గాని వంటివి వైన్‌కు చక్కని స్నేహితులు, ఎందుకంటే వాటిలో ఉప్పు, నూనె, పిండి ఉంటాయి గానీ మంట తక్కువ. వీటికి బ్రూట్ రకం బుడగల వైన్ గానీ, బాగా చల్లబరచిన సావిన్యాన్ బ్లాంక్ గానీ సరిపోతుంది. ఉగ్గాని పక్కన మిరపకాయ బజ్జీ తప్పదంటారా, బజ్జీ మిరపను చీల్చి గింజలు తీసేయండి, లేదా బుడగల వైన్‌ను పక్కన పెట్టండి. మంట మీద బుడగలు సూదుల్లా గుచ్చుతాయి.

నాటుకోడి పులుసు, సంగటి విషయానికి వద్దాం. సంగటిని నమలరు, ముద్దను పులుసులో ముంచి మింగుతారు. దానికి సొంత రుచి తక్కువ, పులుసు ఘాటును మోసుకొచ్చి గొంతు దాకా దింపుతుంది. పైగా రాగిలో సహజంగానే కొంత వగరు ఉంది. వగరు ఉన్న ముద్ద, కారం ఉన్న పులుసు, వాటి మీద మళ్ళీ వగరు, మద్యం రెండూ ఎక్కువగా ఉన్న కాబర్నే: నా ఆదివారపు భోజనం ఎక్కడ చెడిందో ఇప్పుడు మీకూ అర్థమై ఉంటుంది. అదే పులుసుకు మరుసటి సంక్రాంతికి కొద్దిగా తీపి ఉన్న షెనిన్ బ్లాంక్‌ను మూడు గంటలు చల్లబరచి పెట్టాను. పులుసు నూనె పెదవుల మీద ఉండగానే ఆ చల్లటి గుక్క పడితే ముందు తీపి తగిలి మంట సర్దుకుంటుంది, వెనకే పులుపు వచ్చి నూనెను తీసుకుపోతుంది, చివర్లో పండిన జామపండు వాసన మిగులుతుంది. ఈసారి గ్లాసు పక్కకు జరగలేదు.

పొట్టేలు మాంసంలో రెండు దారులు ఉన్నాయి. మిరియాలు, ధనియాలు, ఎండుకొబ్బరితో నీరు ఇగిరే దాకా వేయించినదైతే ధైర్యంగా షిరాజ్ తెరవండి. షిరాజ్‌లో వచ్చే మిరియాల వాసన ఊహ కాదు. నల్ల మిరియాలకు ఆ వాసన ఇచ్చే రోటండోన్ అనే పదార్థమే ఆ ద్రాక్షలోనూ ఉంటుంది. ఎర్ర వైన్‌ను ఇష్టపడేవారు తమ ముచ్చట తీర్చుకోవలసిన చోటు ఇదే. ఎండుమిరప కారం దట్టించిన కూరైతే మాత్రం రోజే చాలు. కర్నూలు వైపు పెళ్ళిళ్ళలో పెట్టే మటన్ బిర్యానీకి కూడా రోజేనే నా మొదటి ఎంపిక. మసాలా సువాసన ఎక్కువ, నెయ్యి ఎక్కువ, పక్కన పెరుగు చట్నీ ఉంటుంది కనుక మెత్తటి మెర్లో కూడా నడుస్తుంది.

తుంగభద్రలోనో శ్రీశైలం జలాశయంలోనో పట్టిన చేపను చింతపండు పులుసు పెడితే సావిన్యాన్ బ్లాంక్ తప్ప వేరే ఆలోచన అనవసరం. ఎర్ర వైన్ ఇక్కడ నిజంగానే చెడుపు చేస్తుంది. దానిలో ఉండే ఇనుము చేప నూనెలతో కలిసి నోట్లో నీచు వాసన మిగులుస్తుంది. పుంటికూర వేసిన పప్పుకు, మాంసానికి కూడా ఇదే వైన్. అంత పులుపును తట్టుకొనేది ఇంకొకటి సులభంగా దొరకదు.

శాకాహారుల కంచంలో వైన్‌కు బాగా నప్పేది నా దృష్టిలో జొన్నరొట్టె, గుత్తివంకాయ. వేయించిన చెనక్కాయలు, నువ్వులు నూరి కూరిన ఆ ముద్దలో నూనె, ఉప్పు, కమ్మదనం అన్నీ ఉన్నాయి, కాలిన జొన్నరొట్టె అంచులో పొగ వాసన ఉంది. మెర్లో గానీ, ఓక్ పీపాలో ఉంచిన షార్డొనే అనే తెల్ల వైన్ గానీ దాని పక్కన పెడితే మాంసం లేదన్న లోటు ఎవరికీ తోచదు. కారం మాత్రం ఒక చెంచా తగ్గించండి.

కడప ఎర్రకారం దోశకు వైన్ వెతకడం వృథా ప్రయాస. నేను నాలుగు రకాలతో ప్రయత్నించి ఓడిపోయాను. దానికి మజ్జిగే మందు.

పండగ రోజు ఓళిగలు నెయ్యి వేసుకొని తింటూ మిగిలిన డ్రై వైన్‌ను ముగించుదామనుకోవద్దు, బెల్లం పరీక్ష గుర్తుందిగా. ‘లేట్ హార్వెస్ట్’ అని రాసి ఉండే తీపి వైన్ చిన్న సీసాలలో దొరుకుతుంది. ద్రాక్షను తీగ మీదే బాగా మగ్గనిచ్చి చేసేది. చల్లగా, రెండు గుక్కలంత పోసుకుంటే ఓళిగ పూర్ణానికి అది తేనెలా తోడవుతుంది. చివరి పెరుగన్నానికి ముందే గ్లాసులు తీసేయడం మంచిది. పెరుగు నోటిని కప్పేసిన తర్వాత ఏ వైనూ తన రుచి చెప్పలేదు, ఊరగాయ కూడా తోడైతే ఆ గుక్క వృథా.

ఆరవ పని: మిగిలినదాన్ని చూసుకోవడం

తెరిచిన సీసాకు గాలే శత్రువు. మూత బిగించి, ఎర్రదైనా తెల్లదైనా, ఫ్రిజ్‌లో నిలబెట్టండి. ఎర్ర వైన్ రెండు మూడు రోజులు, తెల్ల వైన్ మూడు నుంచి ఐదు రోజులు తాగదగినట్టు ఉంటుంది. సగం కంటే తక్కువ మిగిలితే చిన్న సీసాలోకి మార్చి అంచు దాకా నింపండి, లోపల గాలికి చోటు తగ్గుతుంది. సీసా మీద తెరిచిన తేదీతో పాటు ఆ రోజు దేనితో తాగారో, కుదిరిందో లేదో ఒక్క ముక్క రాసి అంటించండి. తెరవని సీసాలకు ఇంట్లో అన్నిటికంటే చల్లటి, చీకటి మూల చూడండి. వంటిల్లు, అటక రెండూ పనికిరావు. కార్కు ఉన్నవాటిని పడుకోబెట్టి ఉంచాలి, మర మూత ఉన్నవి ఎలా పెట్టినా ఫరవాలేదు.

రోజులు దాటి పుల్లబడిన ఎర్ర వైన్‌ను పారబోయనక్కరలేదు. ముదురు పొట్టేలు మాంసం కిలోకు ఒక టీ గ్లాసు చొప్పున, అల్లం వెల్లుల్లి ముద్దతో కలిపి రెండు గంటలు నానబెట్టండి. ఆ రోజు కూరలో చింతపండు సగానికి తగ్గించి, కుక్కర్ మూత పెట్టే ముందు వైన్ వాసన పోయే దాకా తెరిచిన గిన్నెలోనే పది నిమిషాలు మరగనివ్వండి. అయితే అలా మరిగించినా మద్యం అంతా ఆవిరైపోదు. పిల్లలకు, మద్యం ముట్టనివారికి వైన్ కలపని కూర వేరే గిన్నెలో చేసి పెట్టండి.